రిహార్సల్‌కి వచ్చినవాళ్ళు

పాల్మా సోలా ఊళ్ళో ఒక ఇంటి గోడకి తెల్లదుప్పటి ఎక్కిందంటే ఇంక ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. దుప్పటి మధ్యలో నల్లగుడ్డతో కట్టిన సీతాకోకచిలుక గుమ్మంలోంచి కనిపిస్తే చాలు. చేతిలో పని చేతిలోనే వదిలేసి, కాఫీపొడో పంచదారో కొవ్వొత్తులో ఏది దొరికితే అది పట్టుకుని బయల్దేరతారు. చావింటికి వెళ్ళి ఎవరు పోయారు, ఎలా పోయారు అని గుమ్మంలోనే ఆరా తియ్యడం అత్రాతో నది ఒడ్డున పుట్టిన మనిషి చేసే పని కాదు. ఈ సంగతి యమీలేకి తెలియదా అంటే, తెలియకేం? ఆ ఊళ్ళోనే పుట్టి ఆ నీళ్ళే తాగి పెరిగిన పిల్ల. కాలీ నగరం వెళ్ళి నాలుగేళ్ళు సినిమా చదువు వెలగబెట్టేసరికి, తెలిసిన సంగతి కాస్తా అవసరమైన రోజున గుర్తు రాలేదు. అంతే.

ఆఖరి ఏడాది పిల్లలందరూ తలా ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. యమీలే రాసుకున్న కథలో ఒక కుర్రాడు చనిపోతాడు, వాళ్ళమ్మ తొమ్మిది రాత్రులు ప్రార్థనలు జరిపిస్తుంది. అందుకు తూంబా కావాలి. తూంబా అంటే ఆ దుప్పటీ, దాని ముందు మెట్లు మెట్లుగా పేర్చిన పెట్టెలూ, కాగితప్పూలూ, కొవ్వొత్తులూ, పోయినవాడు దాహం తీర్చుకోడానికి ఒక గ్లాసుడు నీళ్ళూ. తొమ్మిదో రాత్రి తెల్లవారేదాకా పాడి, దాన్ని విప్పేస్తే, ఆత్మ గుమ్మం దాటి వెళ్ళిపోతుంది. కెమెరా పట్టడానికి తన క్లాసులోనే ఉన్న తొమాస్‌ని వెంటబెట్టుకొచ్చింది. శనివారం పాతబడిలో రిహార్సల్ ఉందని, అందరూ రావాలని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ముసలివాళ్ళు నవ్వారు. ఏడవడానికి కూడా ప్రాక్టీసు కావాలటే నీ సినిమాకి, అని ఒకావిడ ఎగతాళి చేసింది కూడా.

కథలో కుర్రాడికి యమీలే పేరు పెట్టలేదు. పాఠం చెప్పే మాస్టారు అడిగితే ఎవరో ఊహించిన కుర్రాడండీ అంది. ఊహా లేదు, పాడూ లేదు. వాడు ఎదిన్సన్. యమీలే అన్న.

ఆరేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళ వయసులో, రంపం భుజాన వేసుకుని కలప కొట్టడానికి ఎగువకి వెళ్ళాడు. పడవ ఖాళీగా కిందికి కొట్టుకొచ్చింది. వాడు రాలేదు. నది తీసుకుపోయిందో, ఆ రోజుల్లో తుపాకులు పట్టుకుని ఒడ్డంట తిరిగిన మనుషులు తీసుకుపోయారో, చెప్పే నాథుడు లేడు. ఊరంతా కొన్నాళ్ళు వెతికింది. తర్వాత ఊరంతా ఒకే మాట అనుకుంది, కానీ పైకి అనలేదు.

అనలేకపోవడానికి కారణం వాళ్ళమ్మ ఫెలీసా. ఫెలీసా దగ్గర ఎదిన్సన్ గురించి "ఉండేవాడు" అన్నవాళ్ళు లేరు, అంటే బతకనిచ్చేది కాదు. వాడికి చేపపులుసు ఇష్టం, వాడికి వేడినీళ్ళు పడవు, వాడొచ్చాక పైకప్పు మార్పిద్దాం, ఇలా మాట్లాడేది. ఒకసారి పాదిరీ వచ్చి, శవం లేకపోయినా ప్రార్థన చేయించుకోవచ్చమ్మా, ఆత్మకి మంచిది, అని నెమ్మదిగా కదిపితే, మీరు కాఫీ తాగి వెళ్ళండి ఫాదరూ, చల్లారిపోతోంది, అంది. అంతకన్నా పెద్ద తిట్టు ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

యమీలేకి మాత్రం అన్న పోయాడని ఎప్పుడో తెలుసు. తెలుసు కానీ ఏడవడానికి చోటు లేదు. ఇంట్లో ఏడిస్తే అమ్మ ఊరుకోదు. కాలీలో ఏడిస్తే అడిగేవాళ్ళు లేరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన అన్న కోసం కట్టిన తూంబా ముందు నిలబడి వాణ్ణి సాగనంపాలని ఆ పిల్ల మనసు పీకేది. అమ్మ బతికుండగా అది జరగదు. సినిమాలో అయితే జరుగుతుంది కదా. ఈ తిరుగుడంతా దాని కోసమే. మార్కుల కోసం కాదు.

మొదటి అడ్డు ఎనెదీనా పెద్దమ్మ వేసింది. చావు పాటలు, అలబావోలు అంటారు వాటిని, ఆ నదిమీద ఆవిడంత బాగా పాడేవాళ్ళు లేరు. కూర్చుంటాను, పెదాలు కదుపుతాను, గొంతు మాత్రం విప్పను, అని ముందే తేల్చి చెప్పేసింది. "ఆ పాట ఊరికే పాడేది కాదే పిల్లా. చచ్చినవాడు లేకుండా పాడితే, అది వీధిలో పడి ఎవడో ఒకణ్ణి వెతుక్కుంటుంది." యమీలే ఇంక వాదించలేదు. పాట తర్వాత ఎక్కడిదైనా అతికించుకోవచ్చని తొమాస్ చెప్పాడు.

రెండో అడ్డు వాన వేసింది. శుక్రవారం పొద్దున్నే సామాన్లు మోసుకుని పాతబడికి వెళ్తే, కప్పుమీది రేకు ఒకటి లేచిపోయి గదంతా మడుగై ఉంది. తొమాస్ బురదలో కెమెరా పెట్టె నెత్తిన పెట్టుకుని, ఇప్పుడేం చేద్దాం డైరెక్టరు గారూ, అన్నాడు. యమీలే రెండు నిమిషాలు ఆలోచించింది. అరటిగెలలు అమ్ముకోడానికి అమ్మ తెల్లవారుజామునే కిబ్దో సంతకి పడవెక్కింది. శనివారం చీకటి పడితే గానీ రాదు. ఇల్లు ఖాళీ. ఇవాళ కట్టి, వెలుతురు చూసుకుని, రేపు మధ్యాహ్నానికల్లా రిహార్సల్ ముగించి, అమ్మ వచ్చేలోపు విప్పేస్తే ఎవరికీ నష్టం లేదు.

అమ్మకి చెప్పకుండా, అమ్మ ఇంట్లో, అన్న తూంబా. ఆలోచనే తప్పు. ఆ సంగతి ఆ పిల్లకి లోపల తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆగలేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి, రిహార్సల్ బడిలో కాదు మా ఇంట్లో అని ఊళ్ళో ఎవరికీ కబురు పెట్టలేదు. రేపటి సంగతి రేపు చెబుదాంలే అనుకుంది.

ఇద్దరూ కలిసి గంటల్లో కట్టేశారు. ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగోడకి దుప్పటిని మేకులతో కొట్టారు. సీతాకోకచిలుక యమీలే తన చేత్తోనే కుట్టింది. నల్లగుడ్డ మడతపెట్టి కుడుతుంటే సూది గుచ్చుకుంది. పెట్టెలు పేర్చి, పూలు అతికించి, గ్లాసులో నీళ్ళు పోసి పెట్టింది. వెలుతురు చూడాలని తొమాస్ కొవ్వొత్తులన్నీ వెలిగించాడు. కెమెరాలోంచి చూసి, అబ్బ, యమీలే, నిజంగా ఎవరో పోయినట్టే ఉంది, అన్నాడు. పాపం, మెచ్చుకుంటున్నానే అనుకున్నాడు. గాలాడటం లేదని తలుపు బార్లా తీసింది కూడా అతనే. ఇల్లలకగానే పండగ కాదంటారు. ఈ ఇంట్లో అలికిన తడి ఆరకముందే మనుషులు రావడం మొదలుపెట్టారు.

ముందుగా పక్కింటావిడ వచ్చింది. కాఫీపొడి పొట్లం బల్లమీద పెట్టి, యమీలేని గట్టిగా కావిలించుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. వెనకాలే ఇద్దరు ముగ్గురు. తర్వాత పదిమంది. మగవాళ్ళు అరుగుమీద బల్ల వేసుకుని డోమినోలు పరిచారు. ఎవరో చెరకుతో కాచిన బిచే సారా సీసా తెచ్చారు. యమీలేకి నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. రిహార్సల్ రేపు కదా, ఇవాళే వచ్చేశారేంటి వీళ్ళు, సినిమా అంటే ఎంత సరదా, అనుకుంది. వాళ్ళకి ఇల్లెలా తెలిసిందని మాత్రం అనుకోలేదు. తలుపు తీసి ఉంటే ఊరికి తెలియనిదేముంది?

తొమాస్‌కి మాత్రం పండగే. ఏం మొహాలు యమీలే, ఏం నటన, మన కాలేజీలో ఒక్కడికి రాదు ఇది, అని గుసగుసలాడుతూ కెమెరా అటూ ఇటూ తిప్పాడు. ఎనెదీనా పెద్దమ్మ తెల్లబట్టలు కట్టుకుని, తలకి నల్లగుడ్డ చుట్టుకుని, పాడే ఆడవాళ్ళని నలుగురిని వెంటబెట్టుకు వచ్చేసరికి యమీలేకి ఒళ్ళు పులకరించింది. పెదాలు కదుపుతానన్న మనిషి ఇంత ముస్తాబై వచ్చిందంటే మనసు మార్చుకుందన్నమాట. పెద్దమ్మ దగ్గరకొచ్చి ఆ పిల్ల బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడే సతుర్నీనో పెదనాన్న వచ్చాడు. ఎదిన్సన్‌కి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఆయనే. వాడు కనపడకుండా పోయాక అందరికన్నా ఎక్కువ రోజులు ఎగువదాకా వెతికింది కూడా ఆయనే. గుమ్మంలో టోపీ తీసి, దుప్పటివంక చూసి, ముసలాయన మోకాళ్ళమీద కూలబడ్డాడు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. గదిలో ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు.

"అయ్యో, ఫోకస్ తప్పింది," అన్నాడు తొమాస్ మెల్లిగా. "ఇంకోసారి రమ్మనవూ?"

యమీలే వెళ్ళి ఆయన భుజం పట్టుకుని లేపింది. పెదనాన్నా, ఇంకొక్కసారి బయటికి వెళ్ళి గుమ్మంలోంచి రావా, ఇలాగే, కాకపోతే కొంచెం నెమ్మదిగా, అని అడిగింది. ఆయన ఆ పిల్ల మొహంలోకి అయోమయంగా చూశాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి రకరకాల కోరికలు పుడతాయి, కాదనకూడదని అనుకున్నట్టున్నాడు. తలూపి, టోపీ మళ్ళీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు, నెమ్మదిగా. మళ్ళీ టోపీ తీశాడు. ఈసారి కూలబడకుండా నేరుగా యమీలే దగ్గరకొచ్చి, చావింట్లో అడగకూడని మాట, ఇంక ఆపుకోలేక అడిగాడు.

"ఎక్కడ దొరికాడు బిడ్డా?"

యమీలేకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గదిలో ఉన్న ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ వచ్చింది. కాఫీపొడి తెచ్చిన మొహం, సారా సీసా తెచ్చిన మొహం, నల్లగుడ్డ చుట్టుకున్న మొహం. ఒక్కరూ నటించడం లేదు.

ఎనెదీనా పెద్దమ్మని చెయ్యిపట్టి వంటింటి వెనక్కి లాక్కెళ్ళి చెప్పింది. రేకు లేచిపోయిందని, అందుకే ఇక్కడ కట్టానని, ఎవరూ దొరకలేదని, ఇదంతా సినిమాయేనని. పెద్దమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని, మోడామీద కూర్చుండిపోయింది.

"ఇప్పుడే విప్పేస్తాను పెద్దమ్మా. అందరికీ నేనే చెప్తాను. అమ్మ వచ్చేలోపు..."

"నీళ్ళు పోశావు. కొవ్వొత్తి వెలిగించావు. ఇన్ని కళ్ళు ఏడ్చాయి దాని ముందు. ఇంక అది పాట లేకుండా దిగదు," అంది పెద్దమ్మ. "మీ అమ్మకి కబురు వెళ్ళిపోయిందే. మీరు తలుపు తియ్యగానే, పడవ నడిపే నికనోర్ నదిమీద పోతూ చూశాడట, దుప్పటి. కిబ్దో రేవులో నేనే చెప్తానని పోయాడు," అంది.

ఆ తర్వాత యమీలే ఇంట్లో ఉండలేకపోయింది. రేవు మెట్లమీదకి వెళ్ళి కూర్చుంది. తొమాస్ వచ్చి పక్కన కూర్చుని, నన్ను చెప్పమంటావా మీ అమ్మకి, తప్పు నాది కూడా కదా, అన్నాడు. మంచివాడే, పాపం. వద్దంది. ప్రతి మోటారు చప్పుడుకీ లేచి నిలబడింది. అమ్మ ఎలా వస్తుందో వందరకాలుగా ఊహించుకుంది. రొమ్ము బాదుకుంటూ వస్తుంది. లేకపోతే, నా కొడుక్కి తూంబా కట్టిన చేతులు ఎవరివే అని కొట్టడానికి వస్తుంది. కొట్టినా పడాలనుకుంది. కొట్టాలనే కోరుకుంది.

ఎండ తగ్గుతున్నవేళ నికనోర్ పడవ మలుపు తిరిగింది. ఫెలీసా ముందు పలకమీద కూర్చుని ఉంది. అరటిగెలలు అమ్ముడుపోనివి అలాగే ఉన్నాయి. పడవ ఒడ్డుకి తగలకముందే లేచి నీళ్ళలోకి దిగింది, మోకాళ్ళదాకా. ఆ మొహంలో యమీలే ఊహించిన వందరకాల్లో ఒక్కటీ లేదు. కళ్ళు వాచి ఉన్నాయి. మొహం మాత్రం తేటపడి ఉంది, జ్వరం దిగిన మనిషి మొహంలాగ. అమ్మ మొహం అలా ఉండి ఎన్నేళ్ళయిందో యమీలేకి గుర్తు లేదు.

"ఎక్కడ దొరికాడే?" అంది ఫెలీసా. "మనిషి మనిషిగానే ఉన్నాడా, ఎముకలేనా? చెప్పు తల్లీ, నాకేం కాదు. ఏడవాల్సిందంతా పడవలోనే ఏడ్చేశాను."

ఫెలీసా సంచిలోంచి ఒక పొట్లం తీసి విప్పింది. కొత్త తెల్లచొక్కా. వాడికి వెయ్యడానికి తెచ్చానంది. అంగట్లో నిలబడి, ఆరేళ్ళు గడిచాయి కదా, ఎదిగుంటాడు కదా అని ముందు పెద్ద సైజు అడిగిందట. చచ్చిపోయినవాళ్ళు ఎదగరని ఆ తర్వాత గుర్తొచ్చిందట. చెప్పి, చిన్నగా నవ్వింది కూడా.

"దొరకలేదమ్మా."

ఫెలీసా చొక్కా మడత సరిచేస్తూ ఆగింది.

"ఎవరూ దొరకలేదు. ఆ తూంబా నేనే కట్టాను. సినిమా కోసం. బడిలో నీళ్ళు నిండితే... నువ్వు రేపు గానీ రావనుకున్నాను."

ఫెలీసా వెనక్కి నడిచి పడవ అంచుమీద కూర్చుంది. కాళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి. కోపం వస్తుందేమోనని యమీలే ఎదురుచూసింది, రాలేదు.

"నీ సినిమాలో ఎవరు పోతారు?"

"ఒక కుర్రాడు."

"పేరేంటి?"

"పెట్టలేదమ్మా."

"పెట్టలేదా, పెట్టలేకపోయావా?"

అమ్మకి అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ నీకూ ఇదే ఉందన్నమాట మనసులో, అంది ఫెలీసా. నిష్ఠూరంగా అనలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరం ఒకరికొకరు ఎంత దాచుకున్నామో చూశావా అన్నట్టు అంది. తర్వాత లేచి, చొక్కా పొట్లం చంకన పెట్టుకుని, తడిసిన పావడాతోనే ఇంటివైపు నడిచింది. యమీలే వెనకాలే వెళ్ళింది.

ఇంట్లో అందరికీ సంగతి తెలిసిపోయింది. అయినా ఒక్కరూ వెళ్ళిపోలేదు. ఎలా వెళ్తారు, ఎక్కడికని వెళ్తారు? తలలు వంచుకుని దారి ఇచ్చారు. తొమాస్ కెమెరా ఎప్పుడో పెట్టెలో పెట్టేసి, వంటింట్లో కప్పులు కడుగుతున్నాడు. ఫెలీసా తూంబా ముందు నిలబడి సీతాకోకచిలుకని వేలితో తడిమింది. కుట్టు వంకరగా ఉందే, అంది. పక్కన నిలబడ్డ ఎనెదీనా పెద్దమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఏం చెయ్యమంటావు ఫెలీసా? నువ్వు ఊఁ అంటే పేరు లేకుండా రెండు పాటలు పాడి దింపేస్తాం. ఎవరి పేరూ రాదు. నీ ఎదురుచూపు నీకే ఉంటుంది."

మంచి మాటే. అందరికీ ఊపిరి వచ్చినట్టయింది. యమీలే అమ్మ ఒప్పుకోవాలని లోలోపలే దేవుణ్ణి వేడుకుంది. ఒప్పుకుంటే ఈ తప్పు ఇక్కడితో మాసిపోతుంది. రేపటినుంచి మళ్ళీ వాడికి చేపపులుసు ఇష్టం అని అమ్మ అంటుంది, తను వింటుంది.

"కిబ్దో నుంచి ఇక్కడిదాకా నదంతా ఏడ్చాను అక్కా," అంది ఫెలీసా. "వాడు లేడని ఒప్పుకునే ఏడ్చాను. హమ్మయ్య దొరికాడు, ఇంక నేను పడుకోవచ్చు అని ఏడ్చాను. ఆ ఏడుపు ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకోను? పొద్దున వెళ్ళిన ఫెలీసాని నేను కాను. పేరు పెట్టే పాడండి."

అని, తెల్లచొక్కా విప్పి మెట్టుమీద పరిచింది. చేతులు రెండూ నిండుగా చాపి, మనిషిని పడుకోబెట్టినట్టే.

ఎనెదీనా పెద్దమ్మ తలగుడ్డ బిగించుకుంది. మిగతా ఆడవాళ్ళు దగ్గరగా జరిగారు. ఆ గొంతు లేవగానే అరుగుమీద డోమినోల చప్పుడు ఆగిపోయింది. పాట వెళ్ళి వెళ్ళి పేరు చెప్పాల్సిన చోటికి వచ్చింది. ఎదిన్సన్, అంది పెద్దమ్మ, దీర్ఘం తీసి. ఎదిన్సన్, అన్నారు అందరూ.

యమీలే ఈ క్షణం కోసమే కదా ఇంత దూరం వచ్చింది. దీని కోసమే కదా అబద్ధాలాడింది, సూది గుచ్చుకున్నా కుట్టింది. ఏడుపు వస్తుందనుకుంది. ఏడుపు రాలేదు, భయం వచ్చింది. చిన్నపిల్లకి చీకట్లో వచ్చే భయం. వాడు లేడని తనకి ఎప్పుడో తెలుసని కదా అనుకుంది. ఇన్నాళ్ళూ అంత ధైర్యంగా ఎలా అనుకోగలిగింది? ఇంటిదగ్గర అమ్మ ఉంది కాబట్టి. అమ్మ చూస్తోంది కాబట్టి. ఎప్పుడైనా వాడు నిజంగా వస్తే తలుపు తియ్యడానికి ఒక మనిషి ఉంది కాబట్టి, తను నిశ్చింతగా వాణ్ణి చంపేసుకుంది. ఇప్పుడు ఆ ఒక్క మనిషీ వాణ్ణి పరిచి పడుకోబెట్టేసింది.

"ఆపండి," అంది. ఎవరికీ వినపడలేదు. "పెద్దమ్మా, ఆపండి. వాడొస్తాడు. అమ్మా, చెప్పవే వీళ్ళకి, వాడొస్తాడని చెప్పవే."

చొక్కా చెయ్యి పట్టుకుని లాగబోయింది. ఫెలీసా ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, గుండెకి అదుముకుని, కింద కూర్చోబెట్టింది. పాట ఆగలేదు. మొదలుపెట్టాక ఆపకూడదు. యమీలే కొట్టుకుంటూనే ఉంది, వాడొస్తాడమ్మా, వాడొస్తాడు అంటూనే ఉంది. ఫెలీసా ఆ తల నిమురుతూ, తను ఆరేళ్ళూ అన్న మాటలే ఇంకొకరి నోట వింటూ కూర్చుంది.

"రాడు తల్లీ," అంది చివరికి, కూతురి చెవిలో. ఆ మాట అనడం ఆవిడకి అదే మొదటిసారి.